నాలుగు సెకన్ల బొమ్మ

పదకొండో కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మీద గ్రంథాలయం చిహ్నం వెలిగింది. తెరిచిన పుస్తకం, కింద గుండ్రటి అక్షరాలు. నాలుగు సెకన్లుండి మాయమైంది. పన్నెండోదాన్ని ఆన్ చేశాడు. బొమ్మకి బదులు నల్లటి తెర, దాని మీద చీమల బారుల్లా తెల్లటి అక్షరాలు.

గ్రంథాలయం కంప్యూటర్లన్నీ నడిచేది లైనక్సు అనే ప్రోగ్రాం మీద, అది తెలిసినవాడు ఆయనొక్కడే, అందుకని ఆయన్ని అందరూ లైనక్సుగారు అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది. సన్నటి మెడ, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు, ఎవరూ పిలవకముందే లేచి నిలబడే అలవాటు. పదకొండేళ్లుగా ఇక్కడే. భార్య వేరే ఊళ్లో లెక్కల టీచరు. ఆ ఊరికి బదిలీ రావడం ఇది మూడోసారి. సాయంత్రంలోగా ఇక్కడినుంచి వదిలిపెట్టే రిలీవింగ్ ఆర్డరు మీద గ్రంథాలయ అధికారి సంతకం పడకపోతే ఇదీ రద్దవుతుంది. మొదటి రెండూ అలాగే పోయాయి.

అధికారి చెడ్డవాడు కాదు. అదే చిక్కు. పొద్దున్నే భుజం మీద చెయ్యి వేసి, రేపు తనిఖీ ఉంది, పన్నెండింటిలోనూ బొమ్మ కనబడితే సంతకం తన పూచీ అన్నాడు. కంప్యూటర్ తెరుచుకునేదాకా తెర వంక చూస్తూ కూర్చునే తనిఖీదారు ఇంకా పుట్టలేదు. లైనక్సుగారు వెళ్లి మొదటిదాన్ని ఆన్ చేశాడు.

పదింటికి భార్య ఫోన్ చేసింది.

"మీరొస్తున్నారని మా ఇంటి ఓనరావిడకి మూడుసార్లు చెప్పాను. అసలు మీరున్నారా అని అడుగుతోంది."

"ఉన్నాను. పన్నెండోదాని దగ్గరున్నాను."

మధ్యాహ్నానికి తప్పు దొరికింది. తెరను పనిచేయించే డ్రైవరు ప్రోగ్రాం నిద్ర లేచేసరికి బొమ్మ వంతు అయిపోతోంది. దాన్ని ముందుగా లేపే జాబితాలో చేర్చి, మొదట లోడయ్యే ఫైలును మళ్లీ తయారుచేసి, కంప్యూటర్ ఆపి ఆన్ చేశాడు. బొమ్మ వచ్చింది. అధికారి తల పక్కకు వంచి చూసి బాగుందన్నాడు. కలం తీయకుండా, రేపు మళ్లీ పోతే ఎవరు చూస్తారని కూడా అన్నాడు.

ఒకప్పుడు ఆ ప్రశ్న లైనక్సుగారికి బిరుదులా వినిపించేది. అందుకే ఏ పనీ ఎక్కడా రాసిపెట్టలేదు. రాస్తే ఎవరైనా చేసేస్తారు. అలా తలుపులన్నిటికీ తనే లోపలినుంచి గడియ వేసుకున్నాడు.

ఇప్పుడు కాగితం అడిగి తీసుకున్నాడు. బొమ్మ తెప్పించే పనినంతా అంకెలు వేసి తొమ్మిది మెట్లుగా రాశాడు. తర్వాత పన్నెండోదాంట్లో తను చేసిందంతా చెరిపేశాడు. తెర నల్లబడింది, అధికారి ముఖం కూడా. అప్పుడు కౌంటర్లో కూర్చునే అక్కను పిలిచాడు. ఆవిడకి కంప్యూటర్లంటే గిట్టదు.

"ఇది చూసి మీరు చేయండక్కా. నేను నోరెత్తను."

"చెడిపోతే?"

"ఎనిమిదోది చదవండి."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఒక్కో వేలితో కొట్టింది. రెండుచోట్ల తప్పింది, ఎనిమిదోది చదువుకుని దిద్దుకుంది. లైనక్సుగారు చేతులు చంకల్లో దాచుకుని నిలబడ్డాడు. నలభై నిమిషాలకి బొమ్మ వచ్చింది.

"ఇంతేనా? దీనికా ఈయన్ని ఇన్నేళ్లు కట్టేసుకున్నారు?" అంది అక్క.

ఆ 'ఇంతేనా' లైనక్సుగారికి ఎక్కడో కాస్త గుచ్చుకుంది.

అధికారి కాగితాన్ని రెండుసార్లు చదివాడు. వెతకడానికి ఇంకే సాకూ మిగల్లేదు. రిలీవింగ్ ఆర్డరు మీద సంతకం పెట్టి ఇచ్చాడు. వీడ్కోలు సభ సోమవారం పెట్టుకుందామని ఆయన తలెత్తి చెప్పేసరికి, లైనక్సుగారు అయిదింటి బస్సు కోసం వీధి మలుపు తిరిగిపోయాడు.

కంప్యూటర్ల గది గుమ్మం దగ్గర ఆయన లోపల తొడుక్కునే రబ్బరు చెప్పులు ఉండిపోయాయి, బొటనవేళ్ల చోట గుంటలు పడి, గదిలోకే ముఖం పెట్టి.