ఆరువందల పద్నాలుగో లేతు

సన్యాసయ్య ఇనుప పట్టెను కడ్డీలు తిప్పి చెక్కే లేతు మిషను కింది బెడ్డు మీద బోర్లించి, జానెడు ముందుకీ జానెడు వెనక్కీ జరిపి పైకెత్తాడు. పట్టెకు పూసిన నీలిరంగు బెడ్డు మీద అక్కడక్కడ చుక్కలుగా అంటుకుంది. అంటినచోటు ఎత్తు, అంటనిచోటు పల్లం. ఎత్తును స్క్రేపరుతో గీకి, మళ్లీ పట్టె ఆనించి చూడాలి. బెడ్డంతా చుక్కలు ఒకే తీరున పరుచుకునేదాకా ఇదే పని. ముప్ఫై ఎనిమిదేళ్లుగా అతను చేస్తున్నదిదే. వినడానికి ఏమంత గొప్పగా ఉండదు.

స్క్రేపరు పిడిని తుంటికి ఆనించి ఒళ్లంతా ముందుకు తోశాడు. అలా ఆనించీ ఆనించీ అక్కడ అరచేయంత మేర చర్మం కాయకట్టి నల్లబడింది. నాలుగు తోపులకే ఆయాసం వచ్చింది. పాదాలు వాచి, చెప్పుల పట్టీలు లోపలికి దిగబడుతున్నాయి. ఎడమ చేతి మీద, డయాలసిస్ సూదుల కోసం డాక్టర్లు కలిపిన నరం బొటనవేలంత లావున ఉబ్బి ఉంది.

ఇవాళ గురువారం. పలాస ఆస్పత్రిలో అతని వంతు పొద్దున ఏడింటికి. వెళ్లలేదు. మంగళవారమూ వెళ్లలేదు.

ఇంట్లో భార్య బొడ్డమ్మతో ఆస్పత్రికనే చెప్పి వచ్చాడు. మంగళవారం సాయంత్రం బస్సెక్కేముందు మందుల షాపులో పట్టీ కొని, దూది పెట్టి, చేతికి తానే అంటించుకున్నాడు. ఇక్కడ యజమాని జయంత్‌తో మాత్రం ఆస్పత్రివాళ్లు ఈ వారం వంతు శనివారానికి మార్చారన్నాడు. ఇంత పకడ్బందీగా అబద్ధాలాడిన ఈ మనిషి, లేని జ్వరం చెప్పి ఒక్కరోజైనా సెలవు పెట్టి ఎరగడు.

‘వసుంధర మెషిన్ టూల్స్’ను జయంత్ తండ్రి నీలకంఠం తన తల్లి పేరున పెట్టాడు. పలాస లాంటి జీడిపప్పు ఊళ్లో లేతులేమిటని నవ్వనివాడు లేడు. ఆ నవ్విన వాళ్ల కళ్లముందే లేతులు లారీలెక్కి బరంపురం, రాయగడ, విశాఖ వెళ్లాయి. ఒకప్పుడు షెడ్డులో నలభై ఇద్దరు పనిచేసేవారు. తర్వాత కోయంబత్తూరు నుంచీ చైనా నుంచీ చవకవి వచ్చిపడ్డాయి. నీలకంఠం పోయాడు. పనివాళ్లు తలో దారి పట్టారు. జీడిపిక్కలు కోసే మిషన్లకు మరమ్మతులు చేసుకుంటూ షెడ్డు ఈడ్చుకొస్తోంది. ఇప్పుడున్నది ముగ్గురు. బెడ్డు గీకడం తెలిసినవాడు ఒక్కడు.

ఆరేళ్ల తర్వాత వచ్చిన ఆర్డరు ఇది, ఆరువందల పద్నాలుగో లేతు. సోమవారం నడిపి చూస్తే, దాని మీద తిప్పి చెక్కిన కడ్డీ ఒక చివర వెంట్రుకవాసి లావుగా వచ్చింది. తప్పు బెడ్డులోదే. మూడింటికి బరంపురం నుంచి, లేతు కొంటున్న పాత్రో గారు వచ్చి కొలుస్తారు. నచ్చితే ఇంకో మూడు లేతులు. నచ్చకపోతే షెడ్డు జీడిపిక్కల గోడౌనుకు అద్దెకిచ్చేయడమే. జయంత్ ఆ మాట దాచలేదు.

"అవుతాదా మావా?" అన్నాడు జయంత్, పొద్దుటి నుంచి పదోసారి.

"అయిపోనాది బాబూ. మూరెడుండిపోనాది, అంతే."

పన్నెండింటికి బొడ్డమ్మ ఫోను చేసింది. అప్పుడే పక్కన పనిచేస్తున్న పోలారావు గ్రైండరు వేశాడు.

"సూదులు తీసేసినారేటి?"

"తీసేత్తన్నారు."

"ఆ సప్పుడేటి?"

"ఆస్పత్రి మిషన్లే. ఉంటానే."

"బస్సులో నిల్సోకు. సీటు దొరికితేనే ఎక్కు," అంది ఆమె.

ఫోను జేబులో పెట్టుకున్నాడు. సిగ్గేసింది. మళ్లీ స్క్రేపరు అందుకున్నాడు.

మూడున్నరకు పాత్రో కొత్తగా తిప్పిన కడ్డీని రెండు చివరలా కొలిచాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ కొలిచాడు. మూడోసారి కొలవబోయి నవ్వేశాడు. "ఇంకో మూడు మొదలుపెట్టండి," అన్నాడు.

నీలకంఠం కాలం నుంచీ ఒక ఆనవాయితీ ఉంది. లేతు గేటు దాటేముందు కొబ్బరికాయ కొడతారు. ఆ నీళ్లు బెడ్డు గీకినవాడు తాగాలి. ఒక చిప్ప అతనిది, రెండోది లారీ డ్రైవరుది. జయంత్ కాయ కొట్టి, నీళ్లు స్టీలు గ్లాసులో పట్టి అందించాడు.

డాక్టరు మానమన్నవాటిలో మొదటిది కొబ్బరినీళ్లే. కిడ్నీలు చెడినవాడికి అవి గుండెను ఆపేస్తాయనీ, డయాలసిస్ తప్పినప్పుడైతే విషమేననీ, కొబ్బరితోటల మధ్య బతికేవాళ్లకు అర్థమయ్యేలా ఒకటికి పదిసార్లు చెప్పాడు. జయంత్‌కు అది తెలియదు.

"తాగు మావా. కొబ్బరినీళ్లే కదా, ఒంటికి చలవ."

వద్దంటే ఎందుకంటారు. చెబితే తప్పిన వంతులు బయటపడతాయి. ఇలాంటి జబ్బుమనిషిని నమ్మి పాత్రో ఇంకో మూడు లేతులు చేయించుకుంటాడా? పైగా, నిజం చెప్పాలంటే, తాగాలని ఉంది. రెండేళ్లుగా రోజుకు అరలీటరు నీళ్లతో నోరు కట్టేసుకున్నాడు. గ్లాసెత్తి గడగడా తాగేశాడు. ఎంత తియ్యగా ఉన్నాయో ఎవరితోనూ అనలేకపోయాడు.

లేతు లారీ ఎక్కింది. సన్యాసయ్య తన చిప్ప చేతిలోకి తీసుకున్నాడు. ఇంటికి పట్టుకెళితే బొడ్డమ్మ పచ్చడి చేస్తుంది. ఆస్పత్రిలో కొబ్బరి ఎవరు పంచుతున్నారని కూడా అడుగుతుంది. చిప్పను పనిబల్ల మీద పెట్టేసి బయల్దేరాడు.

మందస బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. జేబులోంచి పట్టీ తీసి చేతికి అంటించుకున్నాడు. వేళ్లు తిమ్మిరెక్కి రెండుసార్లు జారిపోయింది. తల కిటికీ ఊచకు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

మందసలో అందరూ దిగాక కండక్టరు వచ్చి భుజం తట్టాడు. "లెగు తాతా, ఊరొచ్చినాది." మళ్లీ తట్టాడు. తర్వాత డ్రైవరును కేకేశాడు.

బొడ్డమ్మ ఆ చేతి పట్టీని పట్టుకుని ఏడ్చింది. "ఇయ్యాలే కదా మిషను మీద ఎట్టినారు, ఇలాగెలాగైపోనాడు," అని ఆస్పత్రివాళ్లకు శాపనార్థాలు పెట్టింది. కాదని చెప్పగలిగినవాడు అక్కడ లేడు.

ఆదివారం జయంత్ ఒక్కడే వచ్చి షెడ్డు తెరిచాడు. మూడు లేతుల ఆర్డరు కాగితం జేబులో ఉంది. పనిబల్ల మీద సన్యాసయ్య వంతు కొబ్బరి చిప్ప, లోపలి తెలుపు పసుపు తిరిగి, అంచు వెంట చీమలు బారుకట్టి, పెట్టినచోటే ఉంది.