ఆదర్శ పురుషుడి భార్య

కెమెరా వాళ్ళు వచ్చేలోగా ఇల్లు తుడవాలి. తడి నేల మీద చంక కర్ర జారుతుంది కాబట్టి ఆమె ఎప్పుడూ కూర్చునే తుడుస్తుంది. చిన్నప్పుడే చచ్చుబడిన ఎడమకాలిని చేత్తో పక్కకు జరుపుకుంటూ ఈ గోడ నుంచి ఆ గోడకు దేకుతుంది. మంచం మీద కూర్చున్న అత్తగారు తడి ఆరుతోందో లేదో చూస్తూ అంది.

"వాడిది వెన్నలాంటి మనసు కాబట్టి సరిపోయింది. నిన్ను కట్టుకున్నందుకేగా ఇవాళ పదిమందీ వాణ్ణి పొగుడుతున్నారు. కళ్ళకద్దుకోవాలి నువ్వు."

ఆమె పనిచేసేది ఒక సేవాసంస్థలో. టైపిస్టు, తాత్కాలికం. ఇంటిపని పంచుకునే ఆదర్శ పురుషుల మీద సంస్థ సినిమా తీస్తోంది. బస్సు కండక్టరైన ఆమె భర్తని అందులోకి ఎంచుకున్నది మహిళా విభాగం మేడం. "కాలు లేని అమ్మాయిని చేసుకున్నవాడు ఇంట్లో ఎంత సాయం చేస్తాడో వేరే చెప్పాలా?" అని మేడమే తేల్చేసింది. ఆమెని ఎవరూ అడగలేదు.

కిందటేడు ఊళ్ళు తిరిగే ఉద్యోగం ఒకటి ఖాళీ అయితే ఆమె ఈ మేడం దగ్గరికే వెళ్ళింది. "ఎగుడుదిగుడు దారులమ్మా, నీ కాలితో ఎందుకు శ్రమ? వికలాంగుల విభాగంలో అడుగు" అంది మేడం. అక్కడి సారుకీ ఒక కాలు పొట్టి. ఆయన తనలాంటి మనిషే కదా, అర్థమవుతుందనుకుంది. "చీకటి పడ్డాక ప్రయాణాలుంటాయి. ఆడదానివి, మీ ఇంట్లో ఒప్పుకుంటారా? మేడంని అడిగి చూడు" అన్నాడు ఆయన. రెండు గదుల మధ్య వరండాలో నిలబడితే ఆమెకి నవ్వొచ్చింది. అక్కడ కాలు అడ్డం, ఇక్కడ ఆడపుటక అడ్డం. రెంటికీ చెడ్డ రేవడంటే ఎవరో అనుకునేది. ఫోటోలు తీసేటప్పుడు మాత్రం రెండు విభాగాలూ ఆమెని ముందువరసలోనే కూర్చోబెడతాయి.

కెమెరా వాళ్ళు వచ్చారు, వెంట మేడం కూడా. ఆమెని వంటగది గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, "ఆ కర్ర కాస్త ముందుకు పెట్టమ్మా, కనపడాలి" అన్నారు. కొత్త చొక్కా చేతులు మడిచి భర్త గిన్నెల ముందు నిలబడ్డాడు. పొద్దున్నే ఆమె కడిగిపెట్టిన గిన్నెలవి. మరీ మెరిసిపోతున్నాయన్నాడు కెమెరా అతను. అత్తగారు గబగబా వచ్చి మిగిలిన కూర వాటికి పూసింది. భర్త కుళాయి తిప్పి, అటూ ఇటూ చూసి, "సబ్బెక్కడే?" అన్నాడు. సబ్బు అతని మోచేతి కిందే ఉంది. మేడం మురిపెంగా నవ్వింది.

తర్వాత ఆమె వైపు తిరిగింది. "ఇంత మంచి మనిషి నిన్ను కోరి చేసుకున్నప్పుడు నీకేమనిపించింది?"

కోరి. అంతకుముందు ఇద్దరమ్మాయిలు అతన్ని వద్దన్నారనీ, "కాలు లేనిదైతే నోరూ ఉండదు, పడుంటుంది" అని అతని బాబాయి సలహా ఇచ్చాడనీ పెళ్ళయ్యాకే తెలిసింది. ఆ బాబాయి ఇప్పటికీ వచ్చినప్పుడల్లా ఆమె చేత టీ పెట్టించుకుని, "మావాడు దేవుడమ్మా" అంటూ తాగుతాడు. మంచినీళ్ళడిగితే విసుక్కునే దేవుడు. జ్వరంతో పడుకుంటే "ఉన్న కాలికేమైంది?" అన్న దేవుడు.

"ఇల్లు చాలా పెద్దదనిపించింది మేడం" అంది ఆమె.

"ఎంత చక్కగా చెప్పావు" అంది మేడం.

వాళ్ళు వెళ్ళగానే భర్త డ్యూటీకి వెళ్ళిపోయాడు. నురగతో వదిలేసిన గిన్నెలు ఆమే కడిగింది, గట్టుకి పొట్ట ఆనించి.

మర్నాడు ఆఫీసులో మేడం పిలిచింది. "నువ్వు సరేనంటేనే సినిమా బయట వేస్తాం. అది మన పద్ధతి. సరే కదా?"

"వద్దు మేడం."

మేడం తలెత్తింది. "అదేంటి? నీలాంటి ఆడవాళ్ళకి ధైర్యమొస్తుంది."

"నాలాంటి వాళ్ళకి రాదు మేడం. మా ఆయనలాంటి వాళ్ళకొస్తుంది."

మేడం పెన్ను మూత పెట్టింది. "ఈ నెలతో నీ ఉద్యోగం గడువు అయిపోతుంది, తెలుసుగా" అంది మెత్తగా.

"తెలుసండీ" అంది. తెలియకేం, అది తెలిసే రాత్రంతా మేలుకుంది.

సాయంత్రం భర్త చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చాడు. మేడం ఫోన్ చేసి చెప్పేసింది.

"డిపోలో అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోను? నేను జాలిపడకపోతే నిన్నెవడు చేసుకునేవాడే?"

"అదే నేనూ అంటున్నా" అంది మంచం మీంచి అత్తగారు.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. కర్ర గోడకి ఆనించే ఉంది.

"ఏమో. నిన్ను చేసుకోవడం నాకిష్టమేనా అని ఎవరైనా నన్నడిగారా?"

అతను మాటకి కాదు, 'నిన్ను' అన్నందుకు నిర్ఘాంతపోయాడు. ఇన్నేళ్ళూ అతను ఆమెకి 'మీరు', 'ఏమండీ'. తను పొరపాటున విన్నాడేమో అన్నట్టు తల్లి వైపు చూశాడు. తల్లి తల తిప్పుకుంది.

"ఆకలిగా ఉంటే అన్నం గిన్నెలో ఉంది" అంది ఆమె. "నువ్వే పెట్టుకో."