నేల మీది దూరం

రేడియో మెకానిక్కుకు తన కొలతల మీద ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. వీధిలో వాళ్లు ఆయన్ని కొలతల మాస్టారనేవారు. అందులో వెటకారం పాలు కొంత ఉన్నా ఆయన మాత్రం దాన్ని బిరుదుగానే పుచ్చుకున్నాడు. గేటు రిమోట్లు, పాత టేపురికార్డర్లు, పిల్లలు ఊడబీకిన బొమ్మలు బాగుచేసే చిన్న షాపు ఆయనది. ఎవరైనా ఆయన ముందు "సుమారుగా" అన్నారంటే ఒళ్లు మండేది. "సుమారు అనేది అంకె కాదండీ, బద్ధకం" అని మొహం మీదే అనేసేవాడు.

ఆదివారం పొద్దున ఊరి చివర మూతపడిన ఫ్యాక్టరీ ఆవరణలో ఆరుగురు పెద్దమనుషులు చేరి రిమోట్ కార్లు నడిపేవారు. నవ్వేవాళ్లు నవ్వనీ, అవి మామూలు బొమ్మలు కావు. మోచేతి పొడవున్న కారు గంటకు నూట ముప్పై కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంటే చూస్తున్న మనిషి ఆవలింత కూడా మధ్యలో ఆగిపోతుంది. అందరిలోకీ మంచి చేయి మెకానిక్కు బావమరిదిది. సిటీబస్సు డ్రైవరు. "బస్సుని ముప్పై దాటనివ్వరు కదా, ఆ కసంతా ఇక్కడ తీర్చుకుంటున్నా" అనేవాడు. కార్లకు సంచులు కుట్టి ఇవ్వడానికి ఒకసారి వచ్చిన టైలరమ్మ ఆ వేగం చూసి ఇక అక్కడే పాతుకుపోయింది. సూదిబెజ్జం చూడగల కళ్లు ఆవిడవి. అందుకని స్టాప్‌వాచీ ఆవిడ చేతికిచ్చి ముగింపు గీత దగ్గర నిలబెట్టారు.

గొడవల్లా ఎవరి రిమోటు ఎంత దూరం పనిచేస్తుందని. కొన్న డబ్బా మీద ఏం అచ్చేశారో అదే వేదమని ఒకరు, మా రిమోటు ఫ్యాక్టరీ గోడ దాటి కూడా పలుకుతుందని ఇంకొకరు. రెండు ఆదివారాలు విన్నాడు మెకానిక్కు. మూడో ఆదివారానికి తన రిమోటుకు సొంతంగా చేసిన యాంటెనా బిగించుకుని, టేపు, సుద్దముక్క పట్టుకుని వచ్చాడు. "మాటలెందుకు, కొలుద్దాం" అన్నాడు.

పద్ధతి ఆయనే పెట్టాడు. ఒక కారుకు చిన్న బల్బు తగిలించాడు. సిగ్నల్ అందినంత సేపూ అది వెలుగుతుంది, అందకపోతే ఆరిపోతుంది. రిమోటు పట్టుకుని ఆయన ఒకచోట నిలబడాలి. బావమరిది కారు తీసుకుని నడుస్తూ, పది మీటర్లకోసారి గీసిన సుద్దగీత దగ్గర దాన్ని నేల మీద పెట్టి చూడాలి. బల్బు ఆరగానే చెయ్యెత్తాలి. నాలుగు రిమోట్లకు నాలుగుసార్లు.

మొదటి నాలుగు గీతల దగ్గరే డ్రైవరు నడుం పట్టుకున్నాడు. సీట్లో కూర్చుని కూర్చుని అరిగిపోయిన నడుం అది.

"బావా, ఇన్నిసార్లు వంగి లేవడం నా వల్ల కాదు. చేత్తో పట్టుకునే నడుస్తాలే."

"సరే, పట్టుకునే నడు" అన్నాడు మెకానిక్కు.

అంతే జరిగింది. డ్రైవరు కారును చంటిపిల్లలా గుండెకు ఆనించుకుని నడిచాడు. కొన్న రిమోట్లు మూడూ రెండొందల నలభైకి, మూడొందలకి, మూడొందల పదికి చేతులెత్తేశాయి. మెకానిక్కు యాంటెనా బిగించినది ఐదువందల ఇరవై దాకా వెళ్లింది. చప్పట్లు కొట్టారు. జట్టులోని మందుల షాపాయన అయితే తనకూ అలాంటిదే చేసిపెట్టమని అక్కడే అడిగేశాడు. మర్నాటికల్లా నాలుగు అంకెలూ పెద్ద అట్ట మీదికెక్కి, కింద సంతకంతో సహా షాపు గోడ మీద వెలిశాయి.

ఆ మంగళవారం సాయంత్రం మెకానిక్కు యాంటెనాను ఇంకాస్త సరిచేద్దామని ఒక్కడే ఫ్యాక్టరీకి వెళ్లాడు. మోయడానికి బావమరిది లేడు. కారును నేల మీద పెట్టి, రిమోటుతో తనే వెనక్కి నడిచాడు. రెండొందల పది దగ్గర బల్బు ఆరిపోయింది. బ్యాటరీలు మార్చాడు. రెండొందల పదే. అప్పుడు కాపలాదారు వదిలేసిపోయిన స్టూలు తెచ్చి కారును దాని మీద పెట్టి చూశాడు. బల్బు శుభ్రంగా వెలిగింది.

ఆయనకు విషయం అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టలేదు. నేలను అంటుకుని ఉన్నదానికి సిగ్నల్ సగం కూడా అందదు. ఏరియల్‌ను ఇంటికప్పు మీద ఎందుకు పెట్టాలో ముప్పై ఏళ్లుగా జనానికి క్లాసు పీకుతున్న మనిషి ఆయన. కారు నడిచేది నేల మీద, తాను కొలిచింది మనిషి గుండె ఎత్తున. ఇంతకంటే తెలివితక్కువ పని షాపుకొచ్చే పిల్లలు కూడా చెయ్యరు. అక్కడ ఎవరూ లేకపోయినా ఆయన చెవులు వేడెక్కాయి.

మర్నాడు అట్ట పీకేస్తే సరిపోయేది. పీకలేదు. పీకబోయేసరికి మందుల షాపాయన ఇద్దరు చుట్టాలను వెంటబెట్టుకొచ్చి "ఈయనే మా మాస్టారు" అని చూపిస్తున్నాడు. తరవాత ఆయనకు ఆయనే సర్దిచెప్పుకున్నాడు. అంకెలు మారినా వరస మారలేదు కదా, తన రిమోటే కదా అన్నిటికంటే ముందు. అయినా వీళ్లు నడిపేది నూట యాభై మీటర్లలోపే, ఎవరికేం నష్టం. మనసు మీద గోనెపట్టా కప్పి ఊరుకున్నాడు.

ఆ ఆదివారమే డ్రైవరు కొత్త మాట తెచ్చాడు. "రేంజి ఐదొందలుంటే మనం నూట యాభైలో ఏం పిల్లాటలు ఆడుతున్నాం? బావ రిమోటుతో మూడొందలకి గీత పెడదాం. అప్పుడు తెలుస్తుంది కారు అసలు వేగం."

టైలరమ్మ స్టాప్‌వాచీ మెళ్లో వేసుకుని మూడొందల గీత వైపు బయల్దేరింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"మాస్టారూ, అంత దూరంలో బ్రేకు అందుతుంది కదా?"

అందరూ ఆయన వైపు చూశారు. చెప్పాల్సింది రెండు ముక్కలు. మెకానిక్కు తల ఊపాడు.

కారు గీసినట్టు వెళ్లింది. రెండొందలు దాటాక ఒక్కసారి చక్రం బెసికి, ఎడమకు తిరిగింది. డ్రైవరు బ్రేకు నొక్కాడు. నొక్కినా వినే దూరంలో అది లేదు. సిగ్నల్ తెగి మోటారు ఆగిపోయినా అంత వేగం ఒక్కసారి చావదు కదా. టైలరమ్మ పక్కకు దూకేలోపే ఆవిడ కుడికాలి ఎముకకు తగిలింది. ఆ చప్పుడు ఇవతలి వాళ్లకు కూడా వినిపించింది.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద బావా బావమరుదులు పక్కపక్కన కూర్చున్నారు. మిగతావాళ్లు కొంచెం ఎడంగా నిలబడి, కంగారులో వేలు బిగుసుకుపోయి ఉంటుందని, ఎంత డ్రైవరైనా మనిషే కదా అని మాట్లాడుకుంటున్నారు. డ్రైవరు తన కుడి చూపుడువేలు కేసి చూసుకుంటున్నాడు.

"నొక్కాననే గుర్తు బావా. నొక్కలేదంటావా?"

ఇప్పుడైనా చెప్పొచ్చు. మెకానిక్కు బావమరిది వీపు మీద చెయ్యేసి, "కంగారులో ఏం గుర్తుంటుందిలేరా" అన్నాడు.

ఓదార్పు అనుకున్నారు విన్నవాళ్లు. నేరం తీసుకెళ్లి అతని ఒళ్లో పెట్టడమని ఆయన ఒక్కడికే తెలుసు. ఆయన జీవితంలో అన్న మాటలన్నిటిలోకీ నీచమైన మాట అది. అంటున్నప్పుడే తెలుసు, అయినా అన్నాడు.

టైలరమ్మకు మోకాలి కింద నుంచి పిండికట్టు వేశారు. రెండు నెలలు కాలు కింద పెట్టకూడదు. మెకానిక్కు షాపుకొచ్చి అట్ట చింపేశాడు. ఎందుకు చింపావని ఎవరూ అడగలేదు, బాధతో చింపాడనుకున్నారు. దాంతో ఆయన పరువు ఇంకో మెట్టు పైకెక్కింది. ఆ పరువు ఆయనకు ఒంటికి అంటుకున్న బురదలా ఉంది.

మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం ఆయన భార్య ఉతికిన బట్టలు మడతపెడుతూ చెప్పింది.

"తమ్ముడు రేపు డిపోలో కాగితం ఇస్తాట్ట. ఇక బస్సు నడపడట. ఆఫీసులో ఏదో మూల కూర్చోబెట్టమని రాశాడు."

"ఎందుకట?"

"ఎందుకేమిటి, అందరికీ తెలిసిందేగా. స్టాపు రాకముందే ఎక్కడో బ్రేకు వేసేస్తున్నాడట, జనం తిడుతున్నారట. బొమ్మకారునే ఆపలేనివాణ్ణి అంతమందిని ఎక్కించుకుని ఎలా నడపనక్కా అంటాడు." ఆవిడ చేతిలోని తువ్వాలు పక్కన పెట్టింది. "మీరు ఒక్కసారి చెప్పి చూడండి. మీ మాటంటే వాడికి గురి."

ఆ చివరి ముక్క మెకానిక్కుకు తగలాల్సిన చోటే తగిలింది. ఆయన చొక్కా తగిలించుకున్నాడు.

"వాడు ఇంటి దగ్గర ఉండడు. రోజూ ఈపాటికి టైలరమ్మ ఇంట్లో ఉంటాడు" అంది భార్య.

ఎందుకుంటాడో టైలరమ్మ ముందుగది గుమ్మంలోకి వెళ్లాక తెలిసింది. మిషను ముందు స్టూలు మీద డ్రైవరు కూర్చుని రెండు పాదాలతో పెడలు తొక్కుతున్నాడు. పక్కన కుర్చీలో టైలరమ్మ, కట్టుకాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని, నడుం వంచి బట్టను సూది కిందికి నడిపిస్తోంది. మూల బల్ల మీద స్కూలు యూనిఫారాలు గుట్టగా ఉన్నాయి.

"తొక్కు. మెల్లగా. ఆపు."

ఆపు అన్న మాట పూర్తికాకుండానే చక్రం నిలిచిపోయింది. సూది ఒక్క కుట్టు ముందుకు పోలేదు. మళ్లీ తొక్కు, మళ్లీ ఆపు. ప్రతిసారీ అంతే. తనకు ఆపడం రాదని రేపు రాసివ్వబోతున్నది ఈ మనిషే. మెకానిక్కు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"రండి మాస్టారూ, అక్కడే ఆగిపోయారేం" అంది టైలరమ్మ.

ఆయన కూర్చోలేదు.

"కారు ఆగకపోవడం వాడి వేలి తప్పు కాదమ్మా. వాడు బ్రేకు నొక్కాడు. అది అందలేదు. నా రిమోటు నేల మీద రెండొందల పది మీటర్లే పనిచేస్తుంది. ఆ ఐదొందల ఇరవై కారుని చేత్తో మోస్తూ కొలిచింది. అది లెక్కలోకి రాదు."

టైలరమ్మే ముందు అడిగింది.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ ముందు మంగళవారం."

"నేను గీత దగ్గరికి వెళ్తూ అడిగినప్పుడు తెలుసన్నమాట."

"తెలుసు."

"తెలిసే తల ఊపారు."

"ఊపాను." బ్యాటరీలనీ, వరస మారలేదనీ, దారి పొడుగునా కూడబెట్టుకున్న సంజాయిషీలు చాలానే ఉన్నాయి. ఆ కట్టుకాలు ముందు ఒక్కటీ పైకి తీయడానికి మొహం చెల్లలేదు. "అందరి ముందూ చిన్నబోతానని ఊపాను. ఇంకేం లేదు."

డ్రైవరు పెడలు మీంచి పాదాలు తీసేశాడు. తలెత్తాడు.

"ఆస్పత్రిలో నిన్ను అడిగాను."

"అడిగావు."

"స్టాపు కనపడగానే ఒళ్లంతా చెమట పడుతోంది. రోజూ. వెనకాల అరవై మంది కూర్చునుంటారు. పండక్కి పిల్లలకి బట్టలు కొనుక్కుని వెళ్తుంటారు, చంటివాళ్లని ఎత్తుకుని నిలబడుంటారు. నన్ను నమ్మి నా బండి ఎక్కమని వీళ్లకి ఎవరు చెప్పారు, అనుకునేవాణ్ణి." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది మెకానిక్కుకు.

డ్రైవరు లేచి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. చింపుతాడనుకున్నాడు మెకానిక్కు. చింపలేదు. బావ చేతిలో పెట్టాడు.

"ఇది మీరే ఉంచుకోండి."

పాతికేళ్ల చుట్టరికంలో అతను ఆయన్ని మీరు అనడం అదే మొదలు. మెకానిక్కు ఏదో అనబోయాడు. డ్రైవరు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

"అక్కా, పొద్దున మొదటి బస్సు నాదే. వెళ్లి పడుకుంటా" అని టైలరమ్మకు చెప్పి వెళ్లిపోయాడు.

మెకానిక్కు కాగితం పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాడు. క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. టైలరమ్మ దాని కోసం ఎదురుచూస్తున్నట్టు కూడా లేదు.

"ఇప్పుడు నాకు చెప్పినదంతా ఆదివారం అక్కడ అందరికీ చెప్పండి. వాడి వేలు బిగుసుకుపోయిందని ఊరంతా చెప్పుకుంటోంది. నేనూ వస్తాను. నాకో కుర్చీ వేయించండి."

"చెప్తానమ్మా."

"ఈ యూనిఫారాలు రేపు పొద్దున్నకి ఇవ్వాలి. కూర్చోండి మరి."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. ఇన్ని మిషన్లు విప్పి బిగించిన మనిషి, కుట్టుమిషను మాత్రం ఒక్కనాడూ తొక్కి ఎరగడు. తొక్కగానే చక్రం వెనక్కి తిరిగి దారం తెగింది. టైలరమ్మ మళ్లీ ఎక్కించింది. మళ్లీ తెగింది, మళ్లీ ఎక్కించింది. మూడోసారి చక్రాన్ని తనే చేత్తో ముందుకు తిప్పి వదిలింది. సూది నడిచింది.

"ఆపండి" అంది.

ఆయన ఆపేసరికి నాలుగు కుట్లు ఎక్కువ పడ్డాయి. ఆవిడ కత్తెర మొనతో ఆ నాలుగు కుట్లూ ఒక్కొక్కటే విప్పి, బట్టను మళ్లీ సూది కింద పెట్టి, తొక్కమంది.