బ్యాటరీ నిండే దాకా

"ఈ పొద్దు మోడం పట్టింది. మిషన్ ఏయొద్దు."

గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ మా ఆయన అన్నాడు. నేను బకెట్లో నానుతున్న దుప్పట్లను చూస్తూ సరే అన్నాను. ఆకాశంలో మబ్బు పడితే మా ఇంట్లో వాషింగ్ మిషన్ తిరగదు. ఆయన బండి మలుపు తిరిగాక దుప్పట్లను బట్టలుతికే జాలారి దగ్గరికి ఈడ్చుకుపోయి, చీర ఎగదోపి కూర్చున్నాను. మిషన్ పక్కనే ఉంది. దాని మీద మా అత్త సుంకమ్మ ఎండిన మిరపకాయల చేట పెట్టింది.

మాది ఎమ్మిగనూరు. ఆయన పేరు రాఘవేంద్ర, కోడుమూరు దగ్గర హైస్కూల్లో లెక్కల అయ్యవారు. తాగడు, చెయ్యెత్తడు. నెమ్మదైన మనిషి అంటారు అందరూ, నేనూ అంటాను. రెండేళ్ల కింద మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించినప్పుడు ఆయన చెప్పిన మాట వేరు. "అన్నీ పగలే ఏసుకో మల్లేశ్వరీ, ఎండ ఊరికే వస్తాంది కదా" అన్నాడు. ఆ ఏడాది నాకు బాగుండింది. పొద్దున మిషన్, గ్రైండర్, నీళ్ల మోటారు అన్నీ తిప్పేసి, మధ్యాహ్నం కూలర్ ముందు కాసేపు నడుం వాల్చేదాన్ని. పోయిన ఉగాదికి బ్యాటరీ వచ్చింది. వసారాలో గాలి బాగా తగిలే గోడకు బిగించారు. దానికి ఎండ తగలకూడదని గోనెపట్టా కట్టించాడు. మా అత్త దానికి బొట్టు పెట్టి టెంకాయ కొట్టింది.

ఆ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి, పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "మనకు మిగిలిన కరెంటు లైనుకు ఇడిస్తే వాళ్ళిచ్చే రేటు తక్కువ. పొద్దుమునిగినాక మనం లైన్ నుంచి తీసుకుంటే వాళ్ళేసే రేటు ఎక్కువ. యూనిట్లు పెరిగితే స్లాబు మారి ఇంకా ఎక్కువ. ముందుముందు సాయంత్రానికి వేరే రేటు పెడ్తారని కూడా అంటాండారు. మనది మనమే దాపెట్టుకుంటే వాళ్ళ జోలికి పోయే పనే లేదు. అర్థమైందా?" అర్థమైంది. అర్థం కానిది ఒకటే, అది ఆ తర్వాత మెల్లగా తెలిసింది. పొద్దున మిషన్ వేయకూడదు, బ్యాటరీ నిండాలి. సాయంత్రం వేయకూడదు, బ్యాటరీ తెల్లవారే దాకా రావాలి. ఇంట్లో ఏది తిరిగినా ఆయన ఫోన్‌లో కరెంటు వాడకం చూపే గీత లేస్తుంది. స్టాఫ్ రూంలో కూర్చుని చూసుకుంటాడు. నేను కంచం ముందు పెట్టుకునే వేళకు ఫోన్ వస్తుంది. "నిండింది. ఇప్పుడు ఏసుకో." కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేస్తాను. ఒకసారి ఇస్త్రీపెట్టె పెట్టగానే మోగింది. "ఏం పెట్టినావు? గీత అంత లేసిందే!" రేపటికి ఆయన చొక్కానే అది. ఆ మాట చెప్పలేదు, స్విచ్ తీసేశాను. కోపం రాలేదు. ఏమీ రాలేదు. చాలాసేపు కాలు మడిచి కూర్చుంటే తిమ్మిరెక్కుతుందే, నాకు లోపలంతా అట్లా ఉండేది. బిడ్డ కర్నూల్లో హాస్టల్ నుంచి "ఎట్లుండావమ్మా?" అని అడిగితే బాగుండాను అనేదాన్ని. అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న జాతరకని ఆయన వైపు చుట్టాలు దిగారు. వసారా నిండా చాపలు. వాన పడదు, మబ్బు పోదు. బ్యాటరీ సగం కూడా నిండటం లేదని ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "వచ్చినోళ్ళకు ఫ్యాన్లన్నా తిరగల్ల కదా, మిక్సీ, గ్రైండర్ ఆపుకో కొన్నాళ్ళు" అన్నాడు. మా అత్త పెరట్లో బోర్లించిన రోలును కడిగించింది. "మా కాలంలో కరెంటు యాడిది? పదిమందికి రోట్లోనే రుబ్బి పెట్టినాం" అని చుట్టాలతో చెప్పింది. నేను రుబ్బాను. చెనిక్కాయల పచ్చడి, దోసెల పిండి, భక్ష్యాలకు పూర్ణం. చుట్టాలు విప్పిన బట్టలు, కప్పుకున్న దుప్పట్లు పిండాను. రోటి పిండి రుచే వేరని ఒక పెద్దమ్మ మెచ్చుకుంది. బొటనవేలి మొదట్లో సలుపు అప్పుడే మొదలైంది.

ఆ నెల బిల్లు చూసి ఆయన పొంగిపోయాడు. అంతమంది వచ్చి పోయినా స్లాబు దాటలేదు. ఆదివారం తోటి అయ్యవార్లను పిలుచుకొచ్చి బ్యాటరీ చూపించాడు. నేను ఉగ్గాని, బజ్జీలు తెచ్చి పెడుతున్నాను. ఆయన ఫోన్‌లో గీత మీద వేలు పెట్టి చెప్తున్నాడు. "ఇదో, ఇది మా ఆమె లేసే టయం, లైటు. ఇది మోటారు. ఇంక ఈడ చూడండి, పదకొండు నుంచి గీత నేలకు పడుకోనుంది. మా ఆమె కూడా పడుకోనుంటాది." అందరూ నవ్వారు. ఒకాయన నా వైపు చూసి "అదృష్టవంతురాలివమ్మా" అన్నాడు. నేను కూడా నవ్వాను. ఆ వేళప్పుడు నేను జాలారి దగ్గర దుప్పటి పిండుతూ ఉంటాను. పిండేదానికి కరెంటు పట్టదు. రుబ్బేదానికి, మోసేదానికి, తుడిచేదానికి పట్టదు. కరెంటు పట్టనిదేదీ ఆ ఫోన్‌లో లేదు. బజ్జీల పళ్లెం కిందపెట్టబోతే చేతిలోంచి జారి పడింది. చేయి పట్టు తప్పిందని అప్పుడు తెలిసింది.

ఆదోనిలో ఎముకల డాక్టరు నా మణికట్టు పట్టుకుని, బొటనవేలు లోపలికి మడిచి వంచాడు. కళ్ళు తిరిగాయి. "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మా ఆయన చెప్పాడు. "ఇంట్లోనే సార్. పనేం లేదు, అన్నిటికీ మిషన్లుండాయి." డాక్టరు నా ముఖం చూశాడు. నేను గోడ మీద వేలాడుతున్న ఎముకల బొమ్మను చూశాను. చేతికి పట్టీ కట్టి, నెల దాకా దేన్నీ పిండొద్దు, రుబ్బొద్దు, బరువు ఎత్తొద్దు అన్నాడు. బస్సులో వస్తూ మా ఆయన చాలాసేపు ఆలోచించి, "వంటైతే మెల్లగా ఎడమ చేత్తో చేసుకోవచ్చు కదా" అన్నాడు. పాపం, నా కోసమే ఆలోచించాడు.

"హొళగుందకు పోతా, అక్క దగ్గరికి. చేయి బాగైనాక వస్తా" అన్నాను. ఆయన వద్దనలేదు.

మా అక్క ఈరమ్మ సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడుతుంది. వెళ్ళిన మొదటి రోజు చీపురు అందుకోబోతే లాగేసుకుంది. "సుమ్నె కూతుకో" అంది. ఊరికే కూర్చోమని. ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు. అక్క ఎండలో గ్రైండర్ వేస్తే ఉలిక్కిపడి ఫోన్ వైపు చూసేదాన్ని. "ఎవరి ఫోన్ కోసమే?" అని అడిగింది. చెప్పాను. బ్యాటరీ నుంచి డాక్టరు దాకా మొత్తం చెప్పాను. అక్క నా పట్టీ విప్పి, చేతికి నూనె రాసి, మళ్ళీ కట్టింది. ఆమె వేళ్ళ వేడి నాకు తెలిసింది. వేడి తెలిసి ఎన్నాళ్ళైందో. ఆ మధ్యాహ్నం భోంచేసి పడుకుంటే పొద్దుగూకే దాకా మెలకువ రాలేదు.

నెల దాటాక మా ఆయన ఫోన్ చేశాడు. గొంతులో కంగారు.

"మల్లేశ్వరీ, బ్యాటరీ చెడిపోయినట్టుంది. బిల్లు రెండింతలొచ్చింది. కంపెనీ వాళ్ళొచ్చి చూసి అంతా బాగుందని పోయినారు. నాకేం అంతుపట్టడం లేదు."

"బట్టలెవరు ఉతుకుతాండారు?"

"అమ్మకు యాడైతాది? మిషన్‌కే ఏస్తాండా. ఎండున్నా లేకున్నా దినామూ."

"పిండి?"

"గ్రైండర్. వంట గూడా కరెంటు పొయ్యి మీదనే. గ్యాస్ దగ్గర నిలబడాలంటే నాకు టయం యాడుంది? అయినా నువ్వున్నప్పుడు ఇవే మిషన్లు కదా? అప్పుడు ఎట్ల సరిపోయింది?"

"బ్యాటరీ బాగానే ఉంది. నేను లేను, అంతే" అన్నాను.

లెక్క ఆయనకు బాగా వచ్చు. అర్థమయ్యే ఉంటుంది.

"చేయి నయమైందా?" అన్నాడు గొంతు తగ్గించి.

"నయమైంది."

"అయితే ఎప్పుడొస్తాండావు?"

పట్టీ లేని చేతిని ఒకసారి మూసి తెరిచాను. నొప్పి లేదు.

"నయమైంది కాబట్టే రాను" అన్నాను.

ఆ మాట అన్నది నేనేనని తెలుసుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది.