ఏడుపు మీట

పిచ్చుక మళ్లీ అక్కడే ఆగిపోయింది.

మొదటి చరణం తొణక్కుండా పాడింది. రెండో చరణంలో పడవవాడు గాలి కోసం ఎదురుచూసి చూసి గొంతెత్తే చోటికి వచ్చేసరికి, లోపలినుంచి ఎవరో పిడికిలితో పట్టుకున్నట్టు ఆ పిల్ల గొంతు బిగుసుకుపోయింది. కళ్లు నిండిపోయాయి. పాటల పంతులమ్మ హార్మోనియం మీంచి చేతులు తీసేసింది. వరుసగా ఇది నాలుగో రోజు. ఆదివారం నాడు టీవీవాళ్లు పిల్లల కార్యక్రమానికి సెలక్షన్ చేయడానికి వస్తున్నారు. ఈ పిల్ల పాట ఈ మలుపు దగ్గరే ఉండిపోయేట్టుంది.

ఆ శిక్షణ కేంద్రం మూడంతస్తుల మేడ. కింద నటన, మధ్యలో డాన్స్, పైన పాట. పాట అన్నిటికన్నా పైన ఉండడం దాని గొప్పతనం వల్ల కాదు, దానికి అన్నిటికన్నా చిన్న గది చాలునని. పంతులమ్మ పదకొండేళ్లుగా ఆ చిన్న గదిలోనే, రోజూ క్లాసుకు ముందు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని, పాఠం మొదలుపెట్టేది.

పిచ్చుకకు తొమ్మిదేళ్లు. ఆ పేరు పెట్టింది వాళ్ల తాతయ్య. రోజూ సైకిల్ మీద తీసుకొచ్చి, క్లాసు అయ్యేదాకా మెట్ల మీద కూర్చునేవాడు. పడవ పాట ఆయన నేర్పిందే. నాలుగు నెలల క్రితం ఆయన పోయాడు. పిల్ల బెంగ పెట్టుకుందనే ఇన్నాళ్లూ పంతులమ్మ అనుకుంది. కానీ బెంగ అనేది దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది. ఇదేమిటి, గంట కొట్టినట్టు సరిగ్గా అదే చోట వస్తోంది?

"ఏమైందమ్మా?"

"మీట పడిపోయింది టీచర్."

"ఏం మీట?"

"ఏడుపు మీట. కింద మాస్టారు నొక్కుతారు కదా. ఇప్పుడు ఎవరూ నొక్కకపోయినా అదే పడిపోతోంది." కుళాయి కారుతోందని చెప్పినంత మామూలుగా చెప్పి, గౌను అంచుతో ముక్కు తుడుచుకుంది.

పిల్లను మంచినీళ్లు తాగమని చెప్పి పంతులమ్మ కిందికి దిగింది.

నటన గదిలో పన్నెండు మంది పిల్లలు గోడవారగా నిలబడి ఉన్నారు. కేంద్రం యజమాని కూడా అయిన నటన మాస్టారిని తల్లిదండ్రులంతా డైరెక్టర్ గారు అంటారు. ఆయన దేన్నీ డైరెక్ట్ చేసిన దాఖలా లేదు, అలా పిలవొద్దని చెప్పిన దాఖలా కూడా లేదు. ఆయన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, వంగి, చెవిలో ఏదో చెప్పి, వాచీ చూసుకుంటున్నాడు. కాసేపటికి ఆ పిల్లో పిల్లాడో బొటబొటా కన్నీళ్లు కార్చగానే "శభాష్" అని, గోడమీది చార్టులో అంకె వేస్తున్నాడు. చార్టు నిండా పేర్లూ సెకన్లూ. ఒకడికి ఇరవై రెండు, ఇంకొకమ్మాయికి పంతొమ్మిది. పిచ్చుకకు పద్నాలుగు. దాని పక్కన ఎర్ర నక్షత్రం.

బల్ల మీద చెక్క పెట్టె ఉంది. అందులో పేర్లు రాసిన కవర్లు.

"ఏమిటి మాస్టారూ ఇవి?"

"మీటలు మేడమ్. ప్రతి పిల్లకూ ఒకటుంటుంది. చేరేటప్పుడే తల్లిదండ్రుల చేత రాయించుకుంటాను, ఇంట్లో కొత్తగా ఏదైనా జరిగితే మార్పించుకుంటాను. ఏ మాట చెప్తే పిల్ల ఏడుస్తుందో కన్నవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?" ఆయన మర్యాదగానే చెప్పాడు. దాచాల్సిందేదో చేస్తున్నానన్న అనుమానం ఆయనకు ఇసుమంతైనా లేదు. "ఈ రోజుల్లో టీవీవాళ్లకు కావలసింది కన్నీళ్లే. పాట ఎలాగూ మెషిన్లో సరిచేసుకుంటారు."

"నా పిల్ల గొంతు మూసుకుపోతోంది. పాడలేకపోతోంది."

"మరి మీరే కదా చెప్పారు," అన్నాడు మాస్టారు ఆశ్చర్యంగా.

పిచ్చుక కవరు తీసి చూపించాడు. పైన తల్లి చేతిరాతలో 'తాతయ్య ఇక రాడు' అని ఉంది. దాని కింద మాస్టారు ఎర్ర సిరాతో చేర్చుకున్నాడు: 'పడవ పాట. రెండో చరణం. తాతయ్య మెట్ల మీదినుంచి గొంతు కలిపే చోటు.'

పంతులమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆ మంట సగం ఆయన మీదైతే సగం తన మీదే. పదిహేను రోజుల క్రితం ఈయనతో టీ తాగుతూ, పాపం ఆ పిల్ల అక్కడికి రాగానే మెట్ల వైపు చూస్తుందండీ, ముసలాయన అక్కడే గొంతు కలిపేవాడు అని తానే చెప్పింది. జాలిపడి చెప్పిన మాట. ఆ మాటను ఈయన పెట్టెలో పెట్టుకున్నాడు.

ఇంటికి వెళ్లాక కూడా ఆమెకు అన్నం సయించలేదు. భర్త గడియారాలు బాగుచేస్తాడు. ముందు గదిలోనే బల్ల వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుంటాడు.

"ఏమిటలా కోపమంతా గిన్నెల మీద చూపిస్తున్నావు?"

చెప్పింది. ఆయన భూతద్దం తీశాడు.

"గట్టిగా అడిగితే నీ ఉద్యోగం పోతుంది. అడక్కపోతే నీ నిద్ర పోతుంది. నీ నిద్ర పోతే నా నిద్ర కూడా పోతుంది. అంచేత అడిగెయ్యి."

"హాస్యాలొద్దు. తల్లులే రాసిచ్చారండీ. కన్నతల్లులు."

"అయితే వాళ్లనే అడుగు. ఆయన్ని అడిగితే ఏం లాభం? ఆయన చేతిలో ఉన్నది వాళ్లిచ్చిన కాగితమే కదా."

ఆమె దేవుడి ముందు కూర్చుంది. రోజూ చదువుకునేది చదవబుద్ధి కాలేదు. స్వామీ, కన్నీళ్లు నువ్వు ఎందుకిచ్చావో నాకు పూర్తిగా తెలియదు. కళ్లు కడగడానికో, మనసు కడగడానికో ఇచ్చి ఉంటావు. సెకన్లు లెక్కపెట్టడానికైతే ఇచ్చి ఉండవు కదా? నేనడిగేది తప్పైతే నాకు చెప్పు. జవాబేమీ రాలేదు. తప్పని కూడా రాలేదు గనక ఆమె లేచింది.

శనివారం సాయంత్రం తల్లిదండ్రుల మీటింగు. కింది గదిలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పిల్లలు ముందర నేల మీద కూర్చున్నారు. మాస్టారు తెల్లచొక్కా వేసుకుని జాగ్రత్తలు చెప్తున్నాడు. "రేపు పొద్దున పిల్లల్ని ఎక్కువగా నవ్వించకండి. మీట మెత్తబడుతుంది." కొందరు బుద్ధిగా రాసుకున్నారు.

పంతులమ్మ లేచింది. "మాస్టారూ, ఆ పెట్టె ఒకసారి ఇస్తారా? ఎవరి కవరు వాళ్లకిద్దాం. వాళ్ల పిల్లల ముందే పైకి చదవమందాం."

"చదవమనండి మేడమ్. ఇందులో దాపరికం ఏముంది?" అని పెట్టె ఆయనే అందించాడు. తన పద్ధతి మీద ఆయనకు అంత నమ్మకం.

ఆమె పేరు పేరునా కవర్లు పంచింది. చాలాసేపు గదినిండా కాగితాల చప్పుడే. ఒక బస్సు డ్రైవరు, ఒంటిమీద ఇంకా యూనిఫారమే ఉంది, పెదాలు కదుపుతూ చదువుకుని భార్య వైపు తిరిగాడు.

"ఏమే, ఇందులో నేను పోయానని ఉంది."

"ఉత్తినే కదండీ."

"బ్రేకులు ఫెయిలై పోయానని ఉంది. నా బండి బ్రేకుల్ని కూడా అన్నావు."

గదిలో నవ్వులు లేచాయి. ముందు కూర్చున్న ఆయన కూతురు మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి తండ్రి చొక్కా అంచు పట్టుకుని నిలబడింది. "రోజూ చెప్తారు నాన్నా. నాకు తెలుసు అబద్ధమని. అయినా నువ్వు ఇంటికొచ్చేదాకా గేటు దగ్గరే ఉంటాను," అంది. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. డ్రైవరు కాగితాన్ని నాలుగుగా మడిచి జేబులో పెట్టుకుని, కూతుర్ని ఎత్తుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆయన భార్య చెప్పులు వెతుక్కుంటూ వెనకే పరిగెత్తింది.

"మీరు చదవండమ్మా," అంది పంతులమ్మ, బుగ్గలు అని అందరూ పిలిచే పిల్లాడి తల్లితో.

"మాదేముందండీ చదవడానికి. మావాడికి పెద్దగా కష్టాలేమీ లేవు." ఆవిడ కొంచెం సిగ్గుపడింది. "మాస్టారు ఏదో ఒకటి ఉండాలన్నారు. వాడేమో దేనికీ ఏడవడు. అందుకని కుక్కపిల్లని..." అని చటుక్కున ఆగింది.

బుగ్గలు తల ఎత్తాడు. "టామీ పారిపోయింది కదా?"

ఆవిడ చేతిలో కవరును మడతపెట్టసాగింది.

"అమ్మా, టామీ గేటు దూకి పారిపోయిందన్నావు కదా?"

"మంచివాళ్లకే ఇచ్చాం నాన్నా. సెలక్షన్ అవగానే మళ్లీ తెచ్చుకుందాం."

వాడు ఏడవలేదు. చార్టులో వాడి పేరు పక్కనున్న ఇరవై రెండు సెకన్లూ గడిచాయి, నిమిషం గడిచింది, వాడు తల్లిని చూస్తూనే ఉన్నాడు. ఆ చూపు పంతులమ్మ భరించలేకపోయింది.

"దుఃఖం లేని పిల్లాడికి దుఃఖం తెచ్చిపెట్టారా తల్లీ?" ఆమె గొంతు హెచ్చలేదు. "పిల్లలు చల్లగా ఉండాలని పొద్దున్నే దండం పెట్టుకుంటాం. సాయంత్రం ఇక్కడికొచ్చి వాళ్లకు ఎక్కడ నొప్పి పుడుతుందో రాసిచ్చిపోతాం. దేవుడు మన ఏ కాగితం చదవాలి? నేనూ శుద్ధపూసను కాను. పిచ్చుక కవర్లో ఎర్ర సిరాతో ఉన్న ముక్క నా నోట్లోంచి వచ్చిందే. అందుకే నాకింత మంట."

మాస్టారు ముఖం కందిపోయింది. "మేడమ్, పిల్లల భవిష్యత్తుతో ఆడుకోకండి."

"ఆడుకుంటున్నది నేనా?"

ఒక పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "మీరు చెప్పింది బాగానే ఉందమ్మా. రేపు ఒక్కరోజు గడిచిపోనివ్వండి. తర్వాత చించేద్దాం." నలుగురైదుగురు తలలూపారు. తలలూపినవాళ్లు తమ కవర్లను మళ్లీ జాగ్రత్తగా పెట్టెలో వేశారు. పంతులమ్మ ఆ చేతుల్ని చూస్తూ నిలబడింది. ఆ రోజు మొత్తంలో ఆమెకు అసలైన కోపం వచ్చింది ఇదిగో, ఈ చేతుల్ని చూసే.

పిచ్చుక తల్లి చివరి వరసలో ఉంది. బట్టల కొట్లో పొద్దస్తమానం నిలబడి పనిచేసే మనిషి. కవరు విప్పకుండానే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అందరూ వెళ్లాక పంతులమ్మ దగ్గరికొచ్చింది.

"పోయినాయన మా నాన్న మేడమ్. నాకు ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు. దీన్ని ఏడిపించడానికి మాత్రం తీరిక చేసుకుని రాసిచ్చాను."

పంతులమ్మ ఆవిడ భుజం మీద చేయి వేసింది. అప్పుడే మాస్టారు వచ్చి, సోమవారం నుంచి మీరు రానక్కర్లేదని చెప్పాడు. "ఆదివారం కూడా రాను మాస్టారూ, మెట్ల దాకానే వస్తాను," అందామె.

ఆదివారం పొద్దున్నే తల్లీకూతుళ్లు పంతులమ్మ ఇంటికి వచ్చారు. పిచ్చుక చేతిలో ఆ కాగితం ఉంది.

"ఇందులో తప్పుంది టీచర్. తాతయ్య ఇక రాడు అని ఒక్కటే రాసింది అమ్మ. తాతయ్య వచ్చేవాడని రాయలేదు. సైకిల్ బెల్లు పాడైతే నోటితో ట్రింగ్ ట్రింగ్ అనేవాడని రాయలేదు." బల్ల దగ్గర పెన్సిలు తీసుకుని ఆ పిల్ల కాగితం వెనక రాయడం మొదలుపెట్టింది. గడియారాలాయన భూతద్దం పక్కన పెట్టి చోటిచ్చాడు. రాసి రాసి, ఏదో గుర్తొచ్చి, కిసుక్కున నవ్వింది. తర్వాత కొంచెం ఏడ్చింది. ఎవరూ వాచీ చూడలేదు.

"పాడదామా?" అంది పంతులమ్మ.

రెండో చరణం వచ్చింది. గొంతు ఒక్క క్షణం తడబడి, దాటేసింది. దాటేటప్పుడు స్వరం పక్కకు జారింది. ఏడాదిగా పంతులమ్మ దిద్దుతూ వస్తున్న తప్పే అది. అలవాటుగా ఆమె వేలు లేచింది.

"తెలుసు టీచర్. తాతయ్య అలాగే పాడేవాడు."

వేలు మళ్లీ హార్మోనియం మీదికి దిగింది. "అయితే అలాగే పాడు."

మధ్యాహ్నం కేంద్రంలో సెలక్షన్ జరిగేటప్పుడు పంతులమ్మ ముసలాయన కూర్చునే మెట్టు మీద కూర్చుంది. తలుపు ఓరగా వేసి ఉంది. పిచ్చుక పాట వినిపించింది. మొదటి చరణం, రెండో చరణం, ఆ జారుడు, ఆ పైన గాలికి తెరచాప విప్పుకున్నట్టు గొంతు. ఆ చోట పంతులమ్మ కింది స్థాయిలో, తనకు మాత్రమే వినబడేట్టు, గొంతు కలిపింది.

పాట అయిపోయింది. లోపల ఎవరో అన్నారు. "బాగుంది పాపా. ఇప్పుడు మా కోసం కొంచెం కన్నీళ్లు పెట్టి చూపిస్తావా?"

"ఎందుకండీ?" అంది పిచ్చుక. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగింది.

లోపల కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత అదే గొంతు, "తర్వాత ఎవరు?" అంది.

పిచ్చుక బయటికొచ్చి మెట్టు మీద పంతులమ్మ పక్కన కూర్చుని చెప్పులు వేసుకుంది. పట్టీ సరిచేసుకుంటూ, "ఎందుకో చెప్పలేదు టీచర్," అంది.

"వాళ్లకు తెలియదమ్మా," అంది పంతులమ్మ.

లోపల మాస్టారు వంగి ఇంకో పిల్ల చెవిలో ఏదో చెప్తున్నాడు. పంతులమ్మ లేచింది. ఈసారి ఆమె మెట్ల దగ్గర ఆగలేదు. తలుపు పూర్తిగా తీసుకుని లోపలికి వెళ్లింది.