మీట పాఠం

చట్నీలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు మా ఆయన ధనుంజయ, "కాగితం రాసి పెట్టినా, సంతకం చేసి పో" అని. ఆయన తిన్న ప్లేటు కడుగుతున్న నా చేతులు ఆగిపోయాయి. అందులో ఏముందో చదవకుండానే తెలుసు. బడి పక్కనున్న రాతి గుండును పవిత్ర అనే విద్యార్థిని నాకు చెప్పకుండా, సొంత బుద్ధితో కదిలించిందని.

కోసిగి దగ్గర నేను పనిచేసే బడి పక్కనే ఉంటుంది ఆ రాతి గుండు. ఉగాదికి మగవాళ్లు పోటీపడి భుజానికెత్తుతారు. ఆడది కదిలిస్తే ఆ ఏడు వాన రాదంటారట. ఆదోనిలో పుట్టినదాన్ని, నాకా సంగతి తెలియదు. మొన్న ఐదో తరగతికి మీట పాఠం చెబుతూ, బోర్డు మీద బొమ్మ గీస్తే ఏం అర్థమవుతుందని, గుండు కింద గడ్డపార దూర్చి, దాని కింద ఇటుక ఆనించి, అందరికంటే బక్కగా ఉండే పవిత్రను పిలిచాను. పిల్ల గడ్డపార కొసకు వేలాడింది. గుండు బెత్తెడు లేచింది. పిల్లలెవరూ గుండును చూడలేదు, పవిత్రను చూశారు.

పొద్దు గుంకకముందే ఊరంతా తెలిసింది. పోటీలు జరిపే పెద్దమనిషి కంబన్న ఈరోజు బడికొచ్చి అడుగుతానన్నాడు. తప్పు పిల్లదే అయితే బడి మాన్పించి, గుంటూరు వైపు మిరపకాయలు కోసే సుగ్గి కూలికి తోలుకుపోతానన్నాడు పిల్ల తండ్రి బాలస్వామి.

"ఎట్లైనా సుగ్గికి పోయేటోళ్లే గదా వాళ్లు. ఊరోళ్లు నీ మీద పైకి ఫిర్యాదు చేస్తే ఏం గతి? నీకు ఉద్యోగం కావాల్నా, ఆ పిల్ల కావాల్నా?" అన్నాడు ధనుంజయ. ఆయన ఆలూరు హైస్కూల్లో ఫిజిక్స్ సారు. నేను పాఠానికి తయారవుతుంటే, "చిన్నపిల్లోళ్లకు ఫిజిక్సేందే, పాటలు పాడిచ్చుకో" అని నవ్విన మనిషి. తొమ్మిదేళ్లుగా, ఆయన బైకు స్టాండు వేసే చప్పుడును బట్టి కోపం ఎంతుందో కొలుస్తున్నాను. అది ఏ పుస్తకంలోనూ లేని ఫిజిక్సు.

కాగితం బ్యాగులో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఒక్క సంతకంతో ఇల్లూ ఊరూ చల్లబడతాయి. అబద్ధమెందుకు, పెట్టేయాలనే అనిపించింది.

బడి వసారాలో పదిమంది మగవాళ్లు కూర్చున్నారు. తండ్రి వెనక నక్కి ఉంది పవిత్ర.

"ఏం మేడం, పాప సొంతంగానే ఎత్తిందంట గదా. మీ సారు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పినాడు" అన్నాడు కంబన్న.

నేను నోరు తెరిచేలోపే పవిత్ర అంది, "అవు తాతా, నేనే ఎత్తినా. మేడం చెప్పలే."

గొడవ ఆగాలంటే తప్పు మన మీద వేసుకోవాలని నాకు పెళ్లయ్యాక తెలిసింది. ఈ పిల్లకు పదేళ్లకే తెలిసిపోయింది. ఎవరు నేర్పారు? రోజూ ఎదురుగా నిలబడి, హెడ్మాస్టరు కసిరిన ప్రతిసారీ తల వంచుకునే నేనే కదా.

"కాదు" అన్నాను. గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. "నేను ఎత్తమంటేనే ఎత్తింది. గడ్డపార పెట్టింది నేను."

బాలస్వామి తలెత్తి కూతురి వైపు చూశాడు. కంబన్న మీసం సవరించుకున్నాడు. "సరేలేమ్మా, తెలీక చేసినావు. ఇంకోసారి చెయ్యనని ఒక్క మాట చెప్పు, లేచి పోతాం."

ఒక్క మాట.

"తరగతిలో పదకొండు మంది ఆడపిల్లలుండారు కంబన్నా" అన్నాను. "ఇంకా పదిమంది వంతు కాలేదు."