బావ మూయించిన దారి

అంబులెన్సు డ్రైవరుకి పాత ఊళ్లో చేయి తిరిగింది. అక్కడ ఏ సందులో దూరినా మరో సందులో తేలొచ్చు. దారి మూసుకుపోతే పక్కదాంట్లోకి తిప్పడమే తప్ప, వెనక్కి రావడం అతనెరగడు. ఊరు పెరిగి పొలాల మీదికి పాకాక వెలసిన కాలనీల తీరే వేరు. ఒక్కోదానికి ఒకే గేటు, ఆ గేట్లన్నీ ఒకే పెద్దరోడ్డు మీదికి. లోపలి వీధులు ఎటూ పోవు. జనానికి ప్రశాంతత కావాలట, ఏం చేస్తాం!

అతని అక్కా బావా అలాంటి కాలనీలోనే ఉంటారు. వాళ్ల పెరటి వెనక, కాలనీ ప్రహరీలో మొదట మనుషులు, బండ్లు పోయేంత దారి ఉండేది. బయటివాళ్లు అడ్డదారిగా వాడుకుంటున్నారని బావే పదిమందిని కూడగట్టి దాన్ని మూయించి, గోడ పైన గాజుపెంకులు గుచ్చించాడు.

"ఇక చీమ కూడా దూరదు బావమరిదీ!"

"చీమ సంగతి సరే బావా, నేను రావాలంటే ఊరంతా చుట్టాలిగా."

"అందుకేగా కట్టించింది. రోజూ వచ్చి మీ అక్క బుర్ర తినకుండా."

ఒకరోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, మీ బావకి గుండెల్లో నొప్పిరా. ఒళ్లంతా చెమటలు. నువ్వే రారా, త్వరగా."

పెద్దరోడ్డు మీద ఆఫీసులకెళ్లే బండ్లు కిక్కిరిసి ఉన్నాయి. అక్కావాళ్ల గేటు కనిపిస్తూనే ఉంది, బండి మాత్రం కదలదు. కాసేపు ఓపిక పడితే సరిపోయేది. పాత ఊరి అలవాటు ఊరుకోనిస్తేగా! పక్క కాలనీ వీధిలోకి తిప్పేశాడు.

"ఎక్కడో అక్కడ కలుస్తుందిలే" అన్నాడు పక్కనున్న నర్సుతో.

కలవలేదు. వీధి మెలికలు తిరిగి తిరిగి ఆ గోడ దగ్గరే ఆగిపోయింది. అవతల అక్క మేడ. వెనక్కి వెళ్లి మళ్లీ ఆ బండ్లలో పడితే అరగంట. అతను బండి దిగి గొంతు చించుకుని అరిచాడు.

ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చి, నిచ్చెనలు వేసి, గాజుపెంకుల మీద పరుపులు పరిచారు. బావని దుప్పట్లో మోస్తూ పైకెత్తారు. భారీ మనిషి, రెండుసార్లు జారాడు. గోడ మీదికి చేరేసరికి బావమరిదిని చూసి పెదవులు కదిపాడు. ఏమన్నాడో వినపడలేదు. ఈ వెటకారపు మనిషంటే తనకెంత ప్రాణమో డ్రైవరుకి అప్పుడు తెలిసింది.

స్ట్రెచర్ మీదికి దించారు. నర్సు బావ ఛాతీ మీద చాలాసేపు నొక్కింది. చివరికి చేతులు తీసేసి, తల అడ్డంగా ఊపింది.

నిచ్చెన ఎక్కలేక అక్క అవతలే ఉండిపోయింది. "తమ్ముడూ, ఎక్కించావా? ఊపిరాడుతోందా?"

డ్రైవరు గోడ వైపు చూశాడు.

"ఆడుతోందక్కా. నువ్వు చుట్టూ తిరిగి రా."

"నాకోసం ఆగకురా! పోనియ్, త్వరగా పోనియ్!"

అతను సీట్లో కూర్చుని, ఆమెకి వినపడేలా సైరన్ వేశాడు.